కుక్కకీ పిల్లికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్: అందరూ అడిగే ప్రశ్నలు

మా కాలనీలో ఎవరింటికి కొత్త కుక్కపిల్ల వచ్చినా ఐదారు నెలలు తిరిగేసరికి నాకు ఫోన్ వస్తుంది. "ఆపరేషన్ చేయించాలంటారా, వద్దంటారా?" ప్రతిసారీ అవే సందేహాలు, అదే టెన్షన్. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను వెటర్నరీ డాక్టర్ని కాను, ఇరవై ఏళ్ళుగా ఇంట్లో కుక్కలతో పిల్లులతో బతుకుతున్న మనిషిని. మీ జంతువుని చేత్తో పట్టుకుని చూసిన డాక్టర్ మాటే మీకు ముఖ్యం.

నా అభిప్రాయం దాచను. పిల్లికైతే ఆడైనా మగైనా చేయించేయండి. ఆడకుక్కకి చేయించండి, కాకపోతే ఎప్పుడనేది దాని సైజుని బట్టి చూసుకోవాలి. మగకుక్క దగ్గర మాత్రం నిజంగానే కూర్చుని ఆలోచించాల్సిన సంగతులున్నాయి.

## ఇంకా ఎటూ తేల్చుకోనప్పుడు

అసలు ఈ ఆపరేషన్‌లో ఏం తీసేస్తారు? మనుషులకి చేసే కుటుంబ నియంత్రణ లాంటిదేనా?

కాదు. మనుషులకి ట్యూబులు ముడేస్తారు, హార్మోన్లు ఎప్పటిలాగే ఉంటాయి. ఇక్కడ ఆడదానికి అండాశయాలు తీసేస్తారు, మన దగ్గర ఎక్కువగా గర్భసంచితో కలిపే తీస్తారు. మగదానికి వృషణాలు రెండూ తీసేస్తారు. అంటే హార్మోన్లు తయారయ్యే చోటే పోతుంది, ఈ ఆపరేషన్ వల్ల వచ్చే మంచీ చెడూ రెండూ దాదాపు అందులోంచి వచ్చేవే. ఊళ్ళో కోడెలకి విత్తు కొట్టించడం చూసినవాళ్ళకి మగకుక్క సంగతి తేలిగ్గా అర్థమవుతుంది, కాకపోతే ఇక్కడ మత్తిచ్చి, కోసి తీసేస్తారు.

పాపం కదండీ, నోరులేని జీవం?

మా అత్తగారు ఇప్పటికీ ఇదే అంటారు, "దాని ఉసురు తగుల్తుంది" అని. ఆవిడతో నేను వాదించను. కానీ మూడో అంతస్తు ఫ్లాట్‌లో గొలుసుకి కట్టేసి, ఏడాదికి రెండుసార్లు అది గింజుకుంటుంటే తలుపేసి ఉంచడం కూడా దానికి సుఖమేమీ కాదు. ఇక పుట్టిన పిల్లల సంగతి. మొదటి రెండు ఎవరో ఒకరు తీసుకుంటారు, మిగతా నాలుగు ఏమవుతాయో రైతుబజారు వెనక అట్టపెట్టెలు చూసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

ఒక్క ఈతైనా ఈనితేనే ఆరోగ్యంగా ఉంటుందంటారు, నిజమేనా?

ఎవరు మొదలుపెట్టారో గానీ ఈ మాటకి వైద్యంలో ఆధారం లేదు. పిల్లలు పెట్టడం వల్ల తర్వాత ఏ జబ్బూ రాకుండా పోదు. పైగా పామరేనియన్ లాంటి చిన్న కుక్కలకి ఈనిన కొన్ని వారాలకే కాల్షియం పడిపోయి ఫిట్స్ లాంటివి రావచ్చు, పగ్‌లకి తరచు సిజేరియన్ దాకా వెళ్తుంది. రొమ్ము గడ్డల గురించి 1969లో ఒక పరిశోధన వచ్చింది. ఆపరేషన్ చేయించని కుక్కలతో పోలిస్తే మొదటి హీట్‌కి, అంటే మొదటిసారి ఎదకి రావడానికి, ముందే చేయించినవాటికి ముప్పు 0.5 శాతమే, మొదటి హీట్ తర్వాతైతే 8 శాతం, రెండో హీట్ తర్వాత 26 శాతం అని. డాక్టర్లు ఇప్పటికీ ఆ అంకెలే చెప్తుంటారు. 2012లో పాత పరిశోధనలన్నీ తిరగేసి చూసినవాళ్ళు ఆ ఆధారాలు అంత గట్టివి కావన్నారు, కాబట్టి ఆ అంకెల్ని నేను వేదంలా పట్టుకోను. కానీ "ఒక్క ఈత ఈనాక చేయించండి" అనే సలహాకి మాత్రం ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

ఆడకుక్కకి చేయించకపోతే ఏమవుతుంది? మా పాతది పన్నెండేళ్ళు హాయిగా బతికింది

బతకచ్చు. చాలా బతుకుతాయి. మా మొదటి పామరేనియన్ కూడా ఏడేళ్ళు హాయిగానే ఉంది. ఆ ఏడాది హీట్ అయిపోయిన ఐదో వారంలో గిన్నెల కొద్దీ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది, అన్నం ముట్టలేదు. ఎండాకాలం కదా అనుకున్నాం. చూపించిన ఒక క్లినిక్‌లో గ్యాస్ అని మందిచ్చి పంపారు. నాలుగో రోజుకి లేవలేకపోయింది, స్కాన్ చేస్తే గర్భసంచి నిండా చీము. దీన్ని పయోమెట్రా అంటారు. ఎక్కువగా హీట్ అయిన ఒకటి రెండు నెలల్లోపు వస్తుంది. చీము బయటికి కారితే కనీసం మనకి తెలుస్తుంది, లోపలే ఉండిపోతే ఏమీ కనబడదు, అదే ఇంకా ప్రమాదం. అప్పుడు చేసేది కూడా ఇదే ఆపరేషన్, కాకపోతే ఆరోగ్యంగా ఉన్న కుక్కకి కాదు, ఒళ్ళంతా విషమెక్కిన కుక్కకి. మాది బతికింది, అదృష్టం.

ఇది అరుదైన జబ్బేం కాదు. స్వీడన్‌లో ఆడకుక్కలకి ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువ, అక్కడి పెంపుడు కుక్కల ఇన్సూరెన్స్ రికార్డులు చూస్తే పదేళ్ళ వయసు లోపు దాదాపు నాలుగింట ఒకదానికి ఇది వచ్చింది. ఆడకుక్క విషయంలో నా మనసు గట్టిపడింది ఇందుకే.

మగకుక్కకి కూడా అవసరమా? అది ఈనేది కాదుగా

ఇంట్లో ఉండి, బెల్టుతోనే బయటికెళ్ళి, గోడ దూకే అలవాటు లేని మగకుక్కకైతే చేయించి తీరాలని నేను అనను. చేయించని మగకుక్కకి వయసు మళ్ళాక ప్రోస్టేట్ ఉబ్బడం చాలా మామూలు, వృషణాల్లో గడ్డలు రావచ్చు. ఇవి సాధారణంగా కనిపెట్టి వైద్యం చేయగలిగినవే, చాలాసార్లు ఆ వైద్యం ఈ ఆపరేషనే. అదే మీ కుక్క గేటు తీయగానే మాయమై రెండ్రోజులకి చెవి చిరిగి వచ్చే రకమైతే చేయించేయండి. వీధుల్లో మన దగ్గర బాగా కనబడే మరో జబ్బుంది, క్రాసింగ్‌లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే గడ్డ, మర్మాంగం దగ్గర క్యాలీఫ్లవర్ పువ్వులా పెరిగి రక్తం కారుతుంది. దానికి వారం వారం కీమో ఇంజెక్షన్లు చేయిస్తూ తిరగాలి.

మావాడు అందరి మీదా ఎగబడుతున్నాడు, ఆపరేషన్ చేయిస్తే కోపం తగ్గుతుందా?

ఆ కోపం ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. ఆడకుక్క వాసనకి పారిపోవడం, ప్రతి గోడకీ కాలెత్తడం, సోఫా మీదా చుట్టాల కాళ్ళ మీదా ఎక్కడం, వేరే మగకుక్కలతో కొట్లాటలు, ఇవి చాలావాటిలో తగ్గుతాయి. కానీ కుక్కలు కరిచేది ఎక్కువగా భయంతో. లిఫ్ట్‌లో మనిషిని చూసి వణుకుతూ మొరిగే కుక్కకి హార్మోన్లు తీసేస్తే ధైర్యం రాదు, కొన్నిట్లో భయం ఇంకా పెరగొచ్చు కూడా. అలాంటిదానికి ముందు శిక్షణ, ఆ తర్వాతే కత్తి.

కాపలా కుక్క, మొరగడం మానేస్తుందేమో?

మానదు. మా వీధిలో అన్నిటికంటే గట్టిగా మొరిగేది ఆపరేషన్ అయినదే, పాలబ్బాయిని అడగండి.

మా పిల్లి ఇంట్లోంచి కదలదు, దానికెందుకు?

ఎదకొచ్చిన ఆడపిల్లి పక్కన ఒక్క రాత్రి పడుకుని చూడండి. చంటిపిల్ల ఏడ్చినట్టు అరుస్తుంది, నేల మీద దొర్లుతుంది, గండుపిల్లి దొరక్కపోతే రెండు మూడు వారాలకోసారి మళ్ళీ అదే వరుస. మనలాంటి ఎండదేశంలో చలికాలమని ఆగేదీ ఉండదు. నాలుగు నెలల పిల్ల కూడా కడుపుతో ఉండగలదు, అప్పుడు అది పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంటే మీరు దాని వెనక తిరగాలి. గండుపిల్లి అయితే కర్టెన్ల మీద మూత్రం చల్లుతుంది, ఆ కంపు డెట్టాల్‌కి కూడా లొంగదు. ఆరోగ్యం లెక్క కూడా ఉంది, పిల్లుల్లో రొమ్ము గడ్డ వస్తే అది క్యాన్సరే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

## ఎప్పుడు చేయించాలో తేల్చుకునేటప్పుడు

ఏ వయసులో చేయించాలి? ఒక్కో డాక్టర్ ఒక్కో మాట చెప్తున్నారు

నిజమే, ఎందుకంటే ఈ విషయంలో పదిహేనేళ్ళలో వైద్యుల ఆలోచనే మారింది. ఇదివరకు ఏ కుక్కకైనా ఆరు నెలలకే చేసేయమనేవాళ్ళు. కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో గోల్డెన్ రిట్రీవర్ల మీద, 2020లో 35 జాతుల మీద లెక్కలు తీశారు. పెద్ద జాతులు చాలావాటిలో ఏడాది లోపు చేయిస్తే తుంటి సమస్యలు, మోకాలి లిగమెంటు తెగడం బాగా పెరిగాయి, చిన్న జాతుల్లో ఆ తేడా పెద్దగా లేదు. కారణం కూడా అర్థమయ్యేదే. ఎముకల చివర ఎదిగే భాగం మూసుకోమని చెప్పేవి ఆ హార్మోన్లే, అవి తొందరగా పోతే ఎముక ఇంకొంచెం సాగుతుంది, కీలు లెక్క తప్పుతుంది.

అందుకని నేను అడిగినవాళ్ళకి చెప్పేది ఇది. పిల్లులకి ఐదు నెలలు. పామరేనియన్, షిట్జూ, పగ్ లాంటి చిన్నవాటికి ఆరు నెలలు దాటాక. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటివాటికి ఏడాది నిండనివ్వండి, మగదైతే ఏడాదిన్నర వరకు ఆగినా నష్టం లేదు. మన నాటు కుక్కలు మధ్యస్థంగా ఉంటాయి, ఇరవై కిలోలు దాటేలా కనబడితే పెద్ద జాతి లెక్కన చూడండి. అయితే ఆగడమంటే ఆ ఏడాదంతా ఆడదాన్ని కాచుకోవడం కూడా, మేడ మీద వదిలేసి పెళ్ళికెళ్ళిపోయే ఇల్లైతే ముందే చేయించడం మేలు.

హీట్‌లో ఉంది, ఇప్పుడే చేయించేయచ్చా?

అత్యవసరమైతే తప్ప వద్దు. ఆ సమయంలో గర్భసంచికి రక్తం ఎక్కువగా పారుతుంది, ఆపరేషన్‌లో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. బ్లీడింగ్ కనబడిన తారీకు క్యాలెండర్ మీద రాసుకుని, అది పూర్తయ్యాక రెండు మూడు నెలలు ఆగి చేయించండి. పిల్లులకి ఇంత ఆగనక్కర్లేదు, ఎదలో ఉన్నప్పుడు చేసే డాక్టర్లు కూడా ఉన్నారు.

హీట్ రాకుండా ఇంజెక్షన్ ఉందట, అది చాలదా?

ఉంది, మన దగ్గర చవకగా దొరుకుతుంది కూడా, దయచేసి అలవాటు చేయకండి. అది హార్మోన్ ఇంజెక్షన్. పదేపదే వేయిస్తే గర్భసంచిలో చీము పట్టే ముప్పు, షుగరు, రొమ్ము గడ్డలు పెరుగుతాయి. ఆపరేషన్ ఖర్చు తప్పించుకోబోయి అంతకు మించిన ఖర్చులో పడ్డవాళ్ళు తెలుసు నాకు.

పొరపాటున వీధి కుక్కతో క్రాసింగ్ అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?

విడదీయాలని నీళ్ళు పోయకండి, కర్రతో కొట్టకండి, రెండిటికీ గాయాలవుతాయి. విడిపోయాక ఆ రోజు తారీకు రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కుక్క మోసేది సుమారు 63 రోజులు, మూడు నాలుగు వారాలకి స్కాన్‌లో తేలుతుంది. ఎలాగూ పిల్లలు వద్దనుకుంటే కొన్ని వారాల్లోపే ఆపరేషన్ చేసేయచ్చు, గర్భం కూడా దాంతోనే పోతుంది. మనసుకి కష్టంగానే ఉంటుంది, ఆ నిర్ణయం మీ ఇంటిది. పాతకాలపు ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ మాత్రం ఎవరైనా వేస్తామంటే వద్దనండి, అది ఎముక మూలుగని దెబ్బతీయగలదు.

మగపిల్లకి ఒక వృషణమే కనిపిస్తోంది, వదిలేయచ్చా?

ఆరు నెలలు దాటినా రెండోది దిగకపోతే అది పొట్టలోనో గజ్జల్లోనో ఆగిపోయినట్టే. లోపలి వేడికి అది గడ్డగా మారే ముప్పు మామూలు కంటే చాలా ఎక్కువ. మగకుక్కకి చేయించి తీరాలని నేను గట్టిగా చెప్పే సందర్భం ఇది. రెండూ తీయించాలి, పైగా ఇది పిల్లలకి పాకే లోపం కాబట్టి దానితో క్రాసింగ్ చేయించకూడదు.

ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇప్పుడు మత్తు తట్టుకుంటుందా?

వయసొక్కటే అడ్డం కాదు. గుండె, కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయో రక్త పరీక్షలూ అవసరమైతే ఎక్స్‌రే చూసి చెప్తారు. ఆడకుక్కకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచి జబ్బు ముప్పు పెరుగుతుంది కాబట్టి పరీక్షలు బాగుంటే నేనైతే చేయిస్తాను. ఎనిమిదేళ్ళ మగకుక్క హాయిగా ఉంటే కదిలించను.

## తేదీ తీసుకునే ముందు

ఎక్కడ చేయించాలి? గవర్నమెంటు ఆసుపత్రిలో బాగా చేస్తారా?

మంచి సర్జన్లు గవర్నమెంటులోనూ ఉన్నారు. వెటర్నరీ కాలేజీలు దగ్గర్లో ఉంటే అదృష్టమే, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు, ఆంధ్రాలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. అక్కడ ఖర్చు తక్కువ, కానీ పొద్దున్నే వెళ్ళి కూర్చోవాలి, మందులు కొన్ని బయట కొనుక్కురమ్మంటారు. ప్రైవేటులో రేటు కుక్క బరువుని బట్టీ మత్తుని బట్టీ మారుతుంది, ఫోన్‌లో రేటు ఒక్కటే అడిగి పోల్చకండి. మత్తు ఇచ్చేది ఎవరు, ఆపరేషన్ జరిగేంతసేపూ గుండె, ఆక్సిజన్ చూసే మానిటర్ ఉందా, నొప్పి మందు ఆ రేటులో కలిసిందా, రాత్రి ఏదైనా అయితే ఫోన్ ఎత్తేదెవరు, ఇవి అడగండి. విసుక్కున్న చోటినుంచి నేను లేచి వచ్చేశాను ఒకసారి. పగ్, షిట్జూ, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కువాటికి మత్తులో ఊపిరి ఇబ్బంది ఎక్కువ, మానిటర్ లేనిచోట వాటికి అసలు చేయించకండి.

రక్త పరీక్ష ఎందుకు, కుక్క బాగానే ఉందిగా?

మన ప్రాంతంలో పిడుదులు, తెలంగాణవాళ్ళు గోమార్లు అంటారే, అవి లేని కుక్క అరుదు. వాటి వల్ల టిక్ ఫీవర్ వస్తుంది, కొన్ని కుక్కల్లో పైకి ఏ లక్షణమూ లేకుండానే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. అలాంటి కుక్కని కోస్తే రక్తం ఆగదు. వందల్లో పోయే పరీక్ష, మిగతా ఏది మానినా ఇది మానకండి. వ్యాక్సిన్లు కూడా ముందే పూర్తయి ఉండాలి.

ముందు రోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకూడదా?

పెద్ద కుక్కకి సాధారణంగా రాత్రి తిండి పెట్టి ఆపేయమంటారు, నీళ్ళు పొద్దున దాకా ఇవ్వచ్చంటారు. చిన్న పిల్లలకీ బాగా చిన్న జాతులకీ అంతసేపు పస్తు మంచిది కాదు, షుగరు పడిపోతుంది, డాక్టర్ చెప్పిన గంటలే పాటించండి. ఇంట్లో అందరికీ చెప్పండి. మా ఇంట్లో ఒకసారి తాతగారు పాపం ఆకలేస్తుందని బిస్కెట్ పెట్టేశారు, ఆపరేషన్ వాయిదా పడింది. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే అంత పట్టింపు.

వీధి కుక్కకి నేనే అన్నం పెడతాను, దానికి ఎవరు చేయిస్తారు?

2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధి కుక్కలకి ఆపరేషన్, రేబిస్ టీకా చేయించాల్సిన బాధ్యత మున్సిపాలిటీలదీ పంచాయతీలదీ. పట్టుకెళ్ళి చేశాక మామూలుగా ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి, గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. మీరు వీధి నుంచి తెచ్చుకున్న కుక్కకి చెవి అలా ఉంటే ఆపరేషన్ అయిపోయినట్టే. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీకి ఫోన్ చేయచ్చు, బ్లూ క్రాస్ లాంటి సంస్థలు కూడా ఈ పని చేస్తాయి. తీసుకెళ్ళేటప్పుడు పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి గట్టిగా చెప్పండి.

## ఇంటికి తెచ్చాక

తెచ్చినప్పటి నుంచి మూలుగుతోంది, తూలుతోంది, ఏమైనా అయిందా?

మొదటి రాత్రి మత్తు దిగుతూ అలాగే ఉంటుంది. మంచం మీదా మెట్ల దగ్గరా పడుకోబెట్టకండి, నేల మీద దుప్పటి వేయండి, ఫ్యాన్ కింద వణికితే కప్పండి. రాత్రికి కాస్త తిండి చాలు. చిగుళ్ళు తెల్లబడినా, పొట్ట ఉబ్బినా, కుట్ల నుంచి రక్తం చుక్కలు ఆగకుండా వస్తున్నా, మర్నాటికి కూడా లేవకపోయినా పొద్దున దాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

నొప్పికి మన ఇంట్లో పారాసెటమాల్ సగం ముక్క వేయచ్చా?

వద్దు. పిల్లికి పారాసెటమాల్ విషం, సగం ముక్క చాలు చావడానికి. కుక్కలకి ఇబుప్రోఫెన్ కూడా అంతే ప్రమాదం. వాటికి వేరే నొప్పి మందులున్నాయి, ఇంటికి బయల్దేరేముందే అడిగి రాయించుకోండి.

మెడకి ఆ గరాటా ఎన్నాళ్ళు? చూస్తే జాలేస్తోంది

కుట్లు విప్పేదాకా, అంటే పది పన్నెండు రోజులు. జాలిపడి ఒక్క గంట తీసినప్పుడే కుట్లు నాకి ఊడదీస్తాయి. తినేటప్పుడు తీసి, పక్కనే కూర్చుని, మళ్ళీ పెట్టేయండి. అన్నాళ్ళూ స్నానం లేదు, పరుగులు లేవు. వానాకాలమైతే తడి నేల, ఈగలు రెండూ చూసుకోవాలి. దీపావళికి ముందు వారం తేదీ ఇస్తే మార్చుకోండి, టపాసుల చప్పుడుకి కుట్లతో మంచం కింద దూరిన కుక్కని బయటికి లాగడం నరకం.

## నెలలు గడిచాక

లావైపోతుందంటారు, నిజమేనా?

నిజమే, కానీ లావు చేసేది మనం. ఆపరేషన్ అయ్యాక ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, మనమేమో పాపం కోలుకోవాలని ఇంకో ముద్ద పెరుగన్నం పెడతాం. తిండి ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గించండి, నెలకోసారి బరువు చూడండి. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి.

ఆపరేషన్ అయి పదిహేను రోజులైంది, ఇంకా ఆడకుక్కల వెంట పడుతున్నాడు

హార్మోన్లు పూర్తిగా తగ్గడానికి వారాలు పడుతుంది. అంతకంటే ముఖ్యం, ఆపరేషన్ అయిన మగకుక్క కొన్ని వారాలపాటు ఇంకా కడుపు చేయగలదు, ఒకటిన్నర నెల దాకా ఆడకుక్కలకి దూరంగా ఉంచండి. ఏళ్ళ తరబడి అలవాటైన చేష్టలు మాత్రం కొన్ని అలాగే మిగిలిపోతాయి.

నిద్రలో పక్క తడిపేస్తోంది, అలగడం వల్లా?

అలక కాదు. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో కొన్నిటికి, ముఖ్యంగా పెద్ద జాతులకి, నెలలకో ఏళ్ళకో మూత్రాన్ని ఆపే కండరం పట్టు తగ్గుతుంది. ఈ ఆపరేషన్‌కి ఉన్న అసలైన నష్టాల్లో ఇదొకటి, ముందే చెప్పే డాక్టర్లు తక్కువ. ఇన్ఫెక్షన్ ఏమీ లేదని తేల్చుకున్నాక మాత్రలతో చాలావాటికి అదుపులోకి వస్తుంది. తిట్టకండి, దానికే తెలీదు.

## చేయించకూడదనే అనుకుంటే

అన్నీ ఆలోచించాం, మా ఆడకుక్కకి చేయించం. ఏం చూసుకోవాలి?

హీట్ మొత్తం మూడు వారాలు. చాలామంది పొరపాటు పడేది ఒక్కచోటే. రక్తం ఆగగానే అయిపోయిందనుకుని వదిలేస్తారు, నిజానికి మొదటి వారం పదిరోజులు మగవాటిని అది దగ్గరికి రానివ్వదు, రక్తం పలచబడ్డాకే ఒప్పుకుంటుంది. కడుపు నిలిచేది ఆ రోజుల్లోనే. కాబట్టి మూడు వారాలూ బెల్టు లేకుండా గడప దాటనివ్వకండి. చిత్తకార్తె రోజుల్లో, అంటే అక్టోబరు మధ్యలో, మా గేటు ముందు ఏడెనిమిది మగకుక్కలు కాపు కాసేవి, వాకింగ్‌కి కర్ర పట్టుకుని వెళ్ళాల్సొచ్చేది. హీట్ అయిన తర్వాత రెండు నెలలు ఎన్ని నీళ్ళు తాగుతోందో గమనించండి, నెలకోసారి వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ముల వరసంతా వేళ్ళతో తడమండి, బఠాణీ గింజంత గడ్డ తగిలినా చూపించండి.

పిల్లల్ని అమ్మితే ఖర్చులైనా వస్తాయి కదా?

స్కాన్లు, తల్లి తిండి, సిజేరియన్ అయితే దాని ఖర్చు, ఆరేడు పిల్లలకి నట్టల మందులు, మొదటి టీకాలు, రెండు నెలలు ఇల్లంతా కడుక్కోవడం, ఇవన్నీ లెక్కేస్తే మా పక్కింటాయనకి లాబ్రడార్ పిల్లలు అమ్మగా మిగిలింది రెండు చెప్పుల జతలు కొరికించుకున్న నష్టం. పైగా 2017 నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అవ్వాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఆయన దగ్గర అమ్ముడుపోని ఒక నల్లది మిగిలింది. అది ఇప్పుడు మా ఇంట్లో ఉంది, వచ్చే నెల ఏడాది నిండుతుంది, రక్త పరీక్షకి తేదీ తీసుకున్నాను.